పని ఒకచోట, ఓటు ఇంకోచోట

హైదరాబాద్ పక్కనున్న పారిశ్రామికవాడ పటాన్‌చెరు గురించి రాతలకు కొదవలేదు. మందుల పరిశ్రమ ఎదుగుదల గురించి రాసేవాళ్లు వేరు, నక్కవాగు కాలుష్యం గురించి రాసేవాళ్లు వేరు, యూనియన్ల గురించి రాసేవాళ్లు వేరు. బిహార్, ఒడిశా కూలీల సంగతైతే ఏ పేలుడో జరిగితే, ఏ లాక్‌డౌనో వస్తే తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఈ రాతలన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకదానిలో ఉన్న మనుషులు రెండోదానిలో ఉండరు. అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక గడిచిన ముప్ఫై నలభై ఏళ్ల చరిత్ర రాసేవాళ్లు పరిశ్రమ, రాజకీయం, కార్మికోద్యమం, వలస అనే నాలుగింటినీ ఒకే అధ్యాయంలో చెబుతారు. అలా చెప్పక తప్పదు కూడా. అక్కడ కొలిమి దగ్గర నిలబడ్డవాడే ఓడ దిగి వచ్చినవాడు, సమ్మె చేసినవాడూ వాడే, ఎన్నికల ముందు వార్డు నాయకుడు వెతుక్కుంటూ వచ్చిన ఓటరూ వాడే. పటాన్‌చెరులో రియాక్టర్ దగ్గర నిలబడేవాడు ఒకడు, యూనియన్ ఎన్నికల్లో ఓటేసేవాడు ఇంకొకడు, ఎమ్మెల్యే గడప తొక్కేవాడు మరొకడు. ఇక్కడి ఫ్యాక్టరీల్లో ప్రాణం ఇంత చవక కావడానికి చట్టాలు లేకపోవడం కారణం కాదు, అవి దండిగానే ఉన్నాయి. తనిఖీ అధికారుల అలసత్వం కారణమే గానీ అది పైపై కారణం. అసలు చిక్కు పని ఉన్నచోట ఓటు లేకపోవడంలో, ఓటు ఉన్నచోట పని లేకపోవడంలో ఉందన్నది నా వాదన.

ముందుగా పరిశ్రమ ఎలా వచ్చిందో చూడాలి. కార్నెగీ, రాక్‌ఫెల్లర్ల లాగే మన మందుల పారిశ్రామికవేత్తల గురించీ స్వయంకృషి కథలు చాలా ఉన్నాయి. ఆ కృషి నిజమే. అయితే అమెరికా రైలు మార్గాలకు 1862 చట్టం కింద ప్రభుత్వం భూములు రాసిచ్చినట్టే, అక్కడి ఉక్కుకు దిగుమతి సుంకాలు అడ్డుగోడగా నిలిచినట్టే, ఇక్కడా రాజ్యం చెయ్యి ప్రతి దశలోనూ కనిపిస్తుంది. సోవియట్ సాయంతో బాలానగర్‌లో పెట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ఒక తరం కెమిస్టులకు పని నేర్పింది. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డి అక్కడ పనిచేసి వచ్చినవారే. 1970 పేటెంట్ చట్టం మందుకు పేటెంట్ లేదు, తయారీ పద్ధతికే పేటెంట్ అంది. వేరే దారిలో అదే మందు చేయగలిగినవాడికి తలుపులు తెరుచుకున్నాయి. 1973లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ స్థలం, రోడ్డు, కరెంటు సమకూర్చింది. వెనుకబడిన జిల్లా కనుక మెదక్‌కు సబ్సిడీలు వచ్చాయి. బొంబాయి రోడ్డు పక్కనే ఉంది, నగరం దగ్గర్లోనే ఉంది, భూమి చవక. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచాకే ఇదంతా వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. పారిశ్రామికవాడకు పునాది అంతకుముందే పడింది, ఆమె పేరు ఊపు తెచ్చిందంతే. పటాన్‌చెరు నుంచి బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి, పాశమైలారం దాకా ఫ్యాక్టరీలు పాకిపోయాయి.

ఈ పట్టీలో వలస రెండు విడతలుగా వచ్చింది. ఆ రెండింటి మధ్య తేడాలోనే నా వాదనకు మొదటి సాక్ష్యం ఉంది. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ పెట్టినప్పుడు కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వేలమంది వచ్చారు. వాళ్లూ వలస వచ్చినవాళ్లే, చాలామందికి మొదట్లో ఇక్కడి యాస కూడా పట్టుబడలేదు. అయితే కంపెనీ క్వార్టర్స్ ఇచ్చింది, బడి, ఆస్పత్రి కట్టింది, ఉద్యోగం పర్మినెంట్ చేసింది. క్వార్టర్ నంబరు అడ్రసైంది, అడ్రస్ ఓటైంది. పదేళ్లు తిరిగేసరికి ఆ టౌన్‌షిప్‌ను కాదని ఎన్నికల లెక్క వేయగల పార్టీ లేకుండా పోయింది. యూనియన్ ఎన్నికలు శాసనసభ ఎన్నికలంత హోరుగా జరిగేవి. రిటైరైనవాళ్లు అశోక్‌నగర్, బీరంగూడ వైపు ఇళ్లు కట్టుకుని స్థానికులైపోయారు. వాళ్లను ఇవాళ ఎవరూ వలసవాళ్లని అనరు.

రెండో విడత కథ వేరు. ఇప్పుడు ప్రైవేటు ఫ్యాక్టరీలో గేటు దాటి లోపలికి వెళ్తే పర్మినెంట్ కార్మికులు కొద్దిమందే కనిపిస్తారు. మిగతావాళ్లు కాంట్రాక్టర్ మనుషులు. డ్రమ్ములు ఎత్తేవాళ్లు, సెంట్రిఫ్యూజ్ నుంచి తడిపొడి తీసేవాళ్లు, డ్రయర్‌లో ట్రేలు పెట్టేవాళ్లు, రాత్రి షిఫ్టులో హెల్పర్లు ఎక్కువగా బిహార్, ఝార్ఖండ్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు. మనిషిని తెచ్చేది ఊరి నుంచి తెలిసిన మేస్త్రీ, మేస్త్రీ పైన కాంట్రాక్టర్, కాంట్రాక్టర్ పైన కంపెనీ. కూలీ లెక్క ఒకరి దగ్గర ఉంటుంది, హాజరు ఇంకొకరి దగ్గర, ఈఎస్ఐ, పీఎఫ్ కాగితాలు మరొకరి దగ్గర. ఒకే గదిలో ఆరేడుగురు పడుకుంటారు, పగటి షిఫ్టువాళ్లు లేవగానే ఆ చాపల మీదే రాత్రి షిఫ్టువాళ్లు వాలుతారు. గది అద్దె కాగితం ఎవరి పేరు మీదా ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో కాంట్రాక్టు కార్మిక చట్టాన్ని సవరించి ఫ్యాక్టరీ ప్రధాన పనిలో కాంట్రాక్టు లేబర్‌ను పెట్టకూడదంది. ఆ వాక్యం కిందే ఇచ్చిన మినహాయింపులు మాత్రం అసలు నిషేధం కన్నా పొడుగ్గా ఉండేవి.

ఇక అమెరికా వైపు చూద్దాం. 1881 నుంచి 1900 వరకు అక్కడికి సుమారు 90 లక్షల మంది వలస వచ్చారు. ఆ ఇరవై ఏళ్లూ కార్మికులవే అనుకుంటే పొరపాటు, సమ్మె తర్వాత సమ్మె ఓడిపోయిన కాలమది. అంతకుముందే 1877 రైల్వే సమ్మెను సైన్యంతో అణిచారు. 1886 మేలో ఎనిమిది గంటల పనిదినం కోసం లేచిన ఉద్యమం చికాగో హేమార్కెట్ బాంబుతో, ఆ తర్వాతి ఉరిశిక్షలతో దెబ్బతింది. అప్పటికి ఏడు లక్షల సభ్యత్వమున్న కార్మిక సంఘం నైట్స్ ఆఫ్ లేబర్ కొద్ది ఏళ్లలోనే కుంగిపోయింది. 1892లో హోమ్‌స్టెడ్‌లో కార్నెగీ ఉక్కు కర్మాగారం మేనేజర్ ఫ్రిక్ ప్రైవేటు గార్డులను పడవల్లో దింపితే, ఇరువైపులా కలిపి పది మంది దాకా చనిపోయారు. 1894 పుల్‌మన్ సమ్మెను ఫెడరల్ కోర్టు ఉత్తర్వుతో, సైన్యంతో విరిచి నాయకుడు యూజీన్ డెబ్స్‌ను జైలుకు పంపారు. గుత్త సంస్థలను కట్టడి చేయడానికని 1890లో తెచ్చిన షెర్మన్ చట్టాన్ని తొలి ఏళ్లలో కంపెనీల కన్నా యూనియన్ల మీదే చురుగ్గా వాడారు. ఉక్కు కర్మాగారాల్లో పన్నెండు గంటల షిఫ్టు 1923 దాకా కొనసాగింది. కాబట్టి అమెరికా కార్మికుడు సమ్మెలతోనే గెలిచాడని, మనవాళ్లకు ఆ పోరాటపటిమ లేదని వేదికల మీద చెప్పే మాటకు చరిత్ర దన్ను లేదు.

హోమ్‌స్టెడ్‌లో ఒక సంగతి మాత్రం ఆగి చూడదగ్గది. ఆ ఊరి మేయర్ జాన్ మెక్‌లక్కీ స్వయంగా ఉక్కు కార్మికుడు. ఊరి పాలన కార్మికుల ఓట్లతో ఏర్పడింది. స్థానిక యంత్రాంగం తమ మాట వినదని తెలుసు కనకనే కంపెనీ బయటి నుంచి ప్రైవేటు గార్డులను తేవాల్సి వచ్చింది, వాళ్లు ఓడాక గవర్నర్ ఎనిమిది వేలకు పైగా మిలీషియాను దింపాల్సి వచ్చింది. చివరికి కార్మికులు ఓడిపోయారు, నిజమే. అయితే వాళ్లను ఓడించడానికి ఏకంగా ఒక రాష్ట్రం కదలాల్సి వచ్చింది. రాష్ట్రమే కార్మికుల ఓట్లను లెక్కలోకి తీసుకున్నచోట ఏమైందో ఇలినాయ్ చెబుతుంది. అక్కడ 1892లో గెలిచిన గవర్నర్ జాన్ ఆల్ట్‌గెల్డ్ జర్మనీలో పుట్టి పసితనంలో వలస వచ్చినవాడు, కార్మికుల ఓట్లతో గెలిచినవాడు. 1893లో ఫ్యాక్టరీ చట్టం చేసి ఫ్లారెన్స్ కెల్లీని ప్రధాన తనిఖీ అధికారిగా నియమించాడు. హేమార్కెట్ కేసులో జైల్లో మిగిలిన ముగ్గురికీ క్షమాభిక్ష పెట్టాడు. దానికి మూల్యంగా తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆడవాళ్ల పనిని ఎనిమిది గంటలకు పరిమితం చేసిన నిబంధనను 1895లో ఇలినాయ్ సుప్రీంకోర్టు కొట్టేసింది. తనిఖీ వ్యవస్థ మాత్రం నిలిచింది.

వలస వచ్చినవాడికి ఓటు ఎలా వచ్చిందన్నదీ చెప్పాలి. ఐదేళ్లు ఉంటే పౌరసత్వం వచ్చేది. పశ్చిమాన కొన్ని రాష్ట్రాల్లో పౌరుణ్ని కావాలనుకుంటున్నానని దరఖాస్తు పెట్టుకుంటే చాలు, ఓటు ఇచ్చేవారు. న్యూయార్క్‌లో డెమోక్రటిక్ పార్టీ యంత్రాంగమైన ట్యామనీ హాల్ నాయకులు ఎన్నికల ముందు ఐరిష్‌వాళ్లను వరసగా కోర్టుకు తీసుకెళ్లి పౌరులుగా రాయించేవారు. ఇందులో ఆదర్శమేమీ లేదు. లంచాలు, దొంగ ఓట్లు, కాంట్రాక్టుల్లో వాటాలు ఆ యంత్రానికి ఇంధనం. సంస్కర్తలు దాన్ని అసహ్యించుకున్నారంటే అర్థముంది. కానీ చలికాలంలో బొగ్గు, జైలు పడితే జామీను, కొడుక్కి ఉద్యోగం ఇచ్చి ఆ నాయకుడు కొన్నది ఓటు కాబట్టి, ఓటు ఉన్న మనిషి పేరు, అడ్రస్, ఇంట్లో ఎందరున్నారో అతని నోటు పుస్తకంలో ఉండేవి. మన పాశమైలారం గదుల్లో ఎవరున్నారో రాసి పెట్టుకున్న పుస్తకం ఏ నాయకుడి దగ్గరా లేదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. అమెరికాలో ఫ్యాక్టరీ భద్రత చట్టాలకు మలుపుగా చెప్పుకునే ప్రమాదం 1911 మార్చి 25న న్యూయార్క్ ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీలో జరిగింది. తాళం వేసిన తలుపుల వెనక, పై అంతస్తుల్లో 146 మంది చనిపోయారు. ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల ఆడపిల్లలు. న్యూయార్క్‌లో ఆడవాళ్లకు ఓటు 1917లో గానీ రాలేదు. మరి ఓటు లేనివాళ్ల చావు చట్టాన్ని మార్చినప్పుడు ఓటే కీలకమని ఎలా అంటాం? జవాబు ఆ పిల్లల ఇళ్లలో ఉంది. తండ్రులు, అన్నలు, ఇరుగుపొరుగు అదే నగరంలో, ఈస్ట్‌సైడ్ పేటల్లో కాపురముంటున్న ఓటర్లు. అక్కడ సోషలిస్టులు బలపడుతూ ట్యామనీ ఓట్లను తినేస్తున్నారు. 1914లో మేయర్ లండన్ అనే సోషలిస్టు ఆ పేటల నుంచే కాంగ్రెస్‌కు గెలిచాడు. ఆ భయమున్న ట్యామనీ మనుషులే, రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడుగా, ఆల్ స్మిత్ ఉపాధ్యక్షుడుగా ఫ్యాక్టరీల విచారణ సంఘం వేసి, ఊరూరా తిరిగి, మూడు నాలుగేళ్లలో ముప్ఫైకి పైగా చట్టాలు చేయించారు. ఆ మంటలను కళ్లారా చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఆ సంఘంతో పనిచేసి, తర్వాత రూజ్‌వెల్ట్ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయింది. చనిపోయినవాళ్లకు ఓటు లేదు, ఏడ్చినవాళ్లకు ఉంది, అదీ ఫ్యాక్టరీ ఉన్న నగరంలోనే ఉంది.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడును దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ తయారయ్యేది మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి. వేడిగాలితో ఆరబెట్టే డ్రయర్ ఉన్న విభాగంలో పేలుడు జరిగి భవనం కూలింది. సన్నటి పొడి గాలిలో నిండిన చోట చిన్న నిప్పురవ్వ చాలు. యాభైకి పైగా ప్రాణాలు పోయాయి. కొందరి శరీరాలు కూడా దొరకలేదు, దొరికినవాటిలో చాలా వాటిని డీఎన్ఏ పరీక్షలతో గుర్తించాల్సి వచ్చింది. మృతుల్లో బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా, ఝార్ఖండ్ కూలీలే ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. లోపల ఎందరున్నారన్న లెక్క తేలడానికే రోజులు పట్టింది. వందల మైళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులు ఫొటోలు పట్టుకుని ఆస్పత్రి చుట్టూ, ఫ్యాక్టరీ గేటు చుట్టూ తిరిగారు. ముఖ్యమంత్రి వచ్చారు, కోటి రూపాయల పరిహారం ప్రకటించారు, కమిటీ వేశారు. అంతకు ఏడాది ముందే, 2024 ఏప్రిల్‌లో, ఇదే జిల్లా చందాపూర్‌లో ఒక రసాయన పరిశ్రమ పేలి ప్రాణాలు పోయాయి. అప్పుడూ పరిహారమే, విచారణే. డబ్బు అవసరమే, ఆ కుటుంబాలకు అది దక్కి తీరాలి. కానీ ట్రయాంగిల్ తర్వాత పుట్టినట్టు ఈ నేల మీద ఒక రాజకీయం పుట్టలేదు. ఆ తల్లిదండ్రుల ఓట్లు ఉన్నచోట వాళ్ల ఎమ్మెల్యే తెలంగాణ ఫ్యాక్టరీల శాఖను నిలదీయలేడు. ఆ శాఖను నిలదీయగలిగిన ఎమ్మెల్యేకు ఆ తల్లిదండ్రులతో పని లేదు. పేలుడు జరిగి వారం తిరక్కుండానే వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని, వారానికి 48 గంటలు మించకూడదని జీవో వెలువడింది. అది ఫ్యాక్టరీలకు సంబంధించినది కాదనవచ్చు, కాకతాళీయం అనవచ్చు. ఆ వారంలో అలాంటి జీవో ఇస్తే ఓట్లు పోతాయన్న బెరుకు ఎవరికీ కలగలేదన్నది మాత్రం నిజం.

ఓటును ఇలా పొగుడుతున్నానంటే దాని రెండో ముఖం మరిచిపోయానని కాదు. స్థానికంగా ఓటున్న కార్మికుడు ఓటు లేని కార్మికుడి మీద పడటం అమెరికా చరిత్రలోనే బాహాటంగా ఉంది. 1877 తర్వాత కాలిఫోర్నియాలో చైనావాళ్లను వెళ్లగొట్టాలని గర్జించిన వర్కింగ్‌మెన్స్ పార్టీ నాయకుడు డెనిస్ కియర్నీ ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాడే. తేడా ఏమిటంటే ఐరిష్‌వాడు పౌరుడు కాగలడు, చైనావాడికి చట్టం ఆ అవకాశం ఇవ్వలేదు. 1882లో చైనా కార్మికుల రాకను నిషేధిస్తూ చట్టమే వచ్చింది. 1885 సెప్టెంబరులో వయోమింగ్ రాక్ స్ప్రింగ్స్ గనుల పట్టణంలో 28 మంది చైనా కార్మికులను తెల్ల కార్మికులు చంపారు. ఓటు లేనివాడి గతి ఎంత సులభంగా మారుతుందో మనవాళ్లకు ఇప్పుడు ఇంకో రకంగా తెలుస్తోంది. అమెరికా వెళ్లాలనుకునే తెలుగు ఇంజినీర్ల కొత్త హెచ్-1బీ వీసా దరఖాస్తుల మీద 2025 సెప్టెంబరులో ఒక్క సంతకంతో లక్ష డాలర్ల రుసుము పడింది. ఎవరి ఓటూ పోయే భయం లేదు కాబట్టి ఆ సంతకం అంత తేలిక.

అంత దూరం వెళ్లకుండా మన చరిత్రలోనే దీనికి నెత్తుటి పాఠం ఉంది. కోస్తా ఆంధ్ర నుంచి మేస్త్రీల వెంట రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలు అక్కడి ఓడరేవులో మూటలు మోసేవారు. 1930 మేలో వాళ్లు సమ్మె చేస్తే, ఓడల కంపెనీలు బర్మా కూలీలను పనిలోకి దింపాయి. సమ్మె తేలాక బర్మావాళ్లను తీసేసి తెలుగువాళ్లను మళ్లీ పెట్టుకున్నారు. మే 26న రేవులో మొదలైన గొడవ ఊరంతా పాకి వందమందికి పైగా భారతీయులు చనిపోయారు. ఆ పోట్లాటలో ఓడల కంపెనీ ఎక్కడా గాయపడలేదు. అప్పటి రంగూన్‌లో తెలుగు కూలీ ఉన్న చోటే ఇప్పుడు పటాన్‌చెరులో బిహారీ కూలీ ఉన్నాడు. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగిన కూలీలున్న రాష్ట్రానికి, నారాయణఖేడ్ నుంచి చెరుకు కొట్టడానికి పోయే కుటుంబాలున్న జిల్లాకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

'స్థానికులకే ఉద్యోగాలు' అన్న నినాదాన్ని ఈ వెలుగులో చూడాలి. దాని వెనక నిజమైన బాధ ఉంది. భూములు పోయాయి, బోర్లలో రంగు నీళ్లు వచ్చాయి, కొలువులు మాత్రం రాలేదు. కానీ ఆంధ్రప్రదేశ్ 2019లో చేసినట్టు నాలుగింట మూడొంతుల ఉద్యోగాలు స్థానికులకు అని చట్టం చేసినా, హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని 2023లో హైకోర్టు కొట్టేసినా, ఆ చర్చ మొత్తం ఒక ప్రశ్నను దాటేస్తుంది. కంపెనీలు స్థానిక యువకుణ్ని ఎందుకు వద్దంటాయి? సోమరి అనో నైపుణ్యం లేదనో చెబుతారు. డ్రమ్ము ఎత్తడానికి ఏ నైపుణ్యం కావాలి? స్థానికుడికి ఊళ్లో ఇల్లుంది, సర్పంచ్ తెలుసు, చేయి తెగితే సాయంత్రానికి గేటు ముందు వందమంది చేరతారు. ఓటూ, ఊరూ ఉన్న మనిషి కంపెనీకి ఖరీదైన మనిషి. వలస కూలీని కంపెనీ కోరుకోవడంలో తక్కువ కూలీ కన్నా ఈ లెక్కే పెద్దది.

ఊరి ఓటుకు ఎంత బలముందో కాలుష్య పోరాటం చూపిస్తుంది. నక్కవాగు రసాయనాలతో నిండి మంజీరలో కలుస్తుంటే 1980ల చివర్లో ఇక్కడి రైతులు, వైద్యుడు అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు లేచారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. దశాబ్దాలు పట్టినా రైతులకు పరిహారం, ఊళ్లకు మంచినీళ్ల ఏర్పాటు సాధించారు. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం పీఈటీఎల్ వచ్చింది. అది కూడా సరిపోలేదు. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తర్వాత ఆ నీటిని గొట్టాల్లో అంబర్‌పేట దాకా తరలించారు, అంటే ఓట్లు గట్టిగా అరిచిన చోటి నుంచి ఇంకో చోటికి. పోరాటం ఫలితమిచ్చిందనే చెప్పాలి. అయితే ఈ నలభై ఏళ్లలో వాగులోకి వచ్చిన రసాయనం ముందు గోడ లోపల ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందన్న ప్రశ్న ఆ కేసుల్లో ఎక్కడా ముందుకు రాలేదు. గోడ బయట ఆవు చస్తే పంచనామా జరిగింది. గోడ లోపల సాల్వెంట్ వాసనకు తల తిరిగి పడిపోయినవాణ్ని మరుసటి షిఫ్టుకు మార్చేశారు. యూనియన్లు ఉన్నాయి, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ, బీఎంఎస్, హెచ్ఎంఎస్ జెండాలు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కనిపిస్తాయి. వేతన ఒప్పందాలు గట్టిగానే కుదుర్చుకుంటాయి, కాంట్రాక్టు కార్మికుల కోసం ధర్నాలూ చేస్తాయి. కానీ గుర్తింపు యూనియన్ ఎన్నికల్లో ఓటు పర్మినెంట్ కార్మికుడిదే. తనకు ఓటెయ్యనివాడి కోసం ఎవరు ఎంతవరకు కొట్లాడతారు? అందుకే రైతు పోరాటం, పర్మినెంట్ కార్మికుడి పోరాటం, వలస కూలీ బాధ మూడూ ఒకే గోడను తాకుతూ కూడా ఎన్నడూ కలుసుకోలేదు.

వలస కూలీకి ఓటు అక్కర్లేదు, కలిసికట్టుగా కదిలితే ప్రభుత్వం దిగొస్తుంది అనేవాళ్లు 2020ని ఉదాహరణగా చూపుతారు. అందులో పస ఉంది. ఆ ఏప్రిల్ 29న కంది దగ్గర ఐఐటీ క్యాంపస్ నిర్మాణంలో ఉన్న రెండు వేలకు పైగా కూలీలు ఇంటికి పంపండి, కూలీ ఇవ్వండి అని రోడ్డెక్కారు. పోలీసు వాహనం ధ్వంసమైంది. రెండు రోజులకు, మే 1 తెల్లవారుజామున, లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది. కార్మిక దినం నాడు కార్మికులు గెలిచారనే చెప్పాలి. అయితే వాళ్లు గెలుచుకున్నది వెళ్లిపోయే హక్కు. మనుషుల్ని ఖాళీ చేయించడం ప్రభుత్వానికి అప్పుడు ఇష్టమైన పనే. వాళ్లు ఇక్కడే ఉండి గది, భద్రత, తనిఖీ అడిగి ఉంటే రైలంత వేగంగా జవాబు వచ్చేదా?

ఇంకో అభ్యంతరం ఉంది. వాళ్లకు ఇక్కడ ఉండాలని లేదు, పండక్కి, పంటకు ఊరెళ్తారు, నాలుగు డబ్బులు కూడితే తిరిగిపోతారు, అలాంటివాళ్లకు ఇక్కడ ఓటెందుకు? అమెరికాకు వెళ్లిన దక్షిణ ఇటలీవాళ్లలోనూ సుమారు సగం మంది వెనక్కి వెళ్లిపోయారు. మిగిలిన సగం మీదే ఇటాలియన్ పేటలు లేచాయి. ఇస్నాపూర్, పాశమైలారం చుట్టూ హిందీ, ఒడియా మాట్లాడే కుటుంబాలు ఇప్పటికే కాపురాలు పెట్టాయి, పిల్లలు ఇక్కడి బడుల్లో చదువుతున్నారు, ఛఠ్ పూజ నాడు చెరువు గట్లు నిండుతున్నాయి. ఉండిపోవాలా వద్దా అన్నది మనిషి ముందే తేల్చుకుని రాడు, ఉండనిచ్చే ఏర్పాటును బట్టి తేల్చుకుంటాడు. బీహెచ్ఈఎల్‌కు వచ్చినవాళ్లూ మొదట తిరిగిపోదామనే వచ్చి ఉంటారు.

వలస కూలీ ఇక్కడ ఓటు రాయించుకోవడానికి చట్టం అడ్డురాదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం సాధారణంగా ఉంటున్న చోటే ఓటు ఉండాలి, పుట్టిన ఊళ్లో ఉండాలని లేదు. అడ్డం వచ్చేది అడ్రస్ రుజువు. అది లేకే ఫారం నింపినా వెనక్కి వస్తుంది. 2022 చివర్లో ఎన్నికల సంఘం రిమోట్ ఓటింగ్ యంత్రం ప్రతిపాదించింది, ఒకే యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు ఉన్నచోటి నుంచే వేయవచ్చంది. పార్టీలు వ్యతిరేకించడంతో అది అటకెక్కింది. నన్నడిగితే అటకెక్కడమే మేలైంది. పటాన్‌చెరులో పనిచేస్తూ బిహార్‌లోని ఊరి ఎమ్మెల్యేకు ఇక్కడి నుంచే ఓటేయడమంటే, రియాక్టర్ ఒక రాష్ట్రంలో, ప్రతినిధి ఇంకో రాష్ట్రంలో ఉండే ఏర్పాటును శాశ్వతం చేయడమే. వలస కార్మికుల కోసం 1979లో చేసిన చట్టం కూడా మనిషి తిరిగిపోతాడన్న నమ్మకం మీదే నడిచింది. కాంట్రాక్టర్ లైసెన్స్, ప్రయాణ భత్యం, స్థానచలన భత్యం ఇస్తే సరిపోతుందనుకుంది. దాన్ని మింగిన కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. సొంతంగా వచ్చినవాణ్ని కూడా వలస కార్మికుడిగా గుర్తించడం వాటిలో మెరుగే. కానీ ఏడాదికోసారి ఊరెళ్లడానికి ఇచ్చే ఛార్జీలు ఆ పాత ఆలోచనకే కొనసాగింపు.

చివరిగా స్థానికుల భయం. వేలకొద్దీ కొత్త ఓట్లు చేరితే ఊరి మాట చెల్లదని వాళ్లు అంటారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. బీహెచ్ఈఎల్ ఓట్లు వచ్చాక పాత రామచంద్రాపురం పెద్దరికం తగ్గింది కదా. అయితే ఇప్పుడు ఉన్న ఏర్పాటులో ఊరివాడికి ఉద్యోగమూ లేదు, బయటివాడికి రక్షణా లేదు. బయటివాడు చవక మనిషిగా ఉన్నంతకాలం ఊరివాడికి గేటు తెరుచుకోదు. 2018 నుంచి 2025 దాకా బొల్లారం, అమీన్‌పూర్, తెల్లాపూర్ మున్సిపాలిటీలుగా ఉన్నాయి. అలాంటి మున్సిపాలిటీల వార్డుల్లో కొన్ని వందల ఓట్లే గెలుపోటములు తేలుస్తాయి. ట్యామనీ చేసిన లెక్క ఇక్కడి నాయకులకు రాదనుకోలేం, చేయడానికి కాగితం లేదంతే. ఆ కాగితాన్ని కొత్త కోడ్‌లే తెలియక తెచ్చిపెట్టాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని అవి అంటున్నాయి, కాంట్రాక్టు మనిషికి కూడా. ఆ పత్రం మీద పని చోటుతో పాటు ఉండే గది చిరునామా కూడా రాయించి, దాన్నే నివాస రుజువుగా ఓటర్ల జాబితా అధికారి ఒప్పుకోవాలని యూనియన్లు అడగాలి. వేతన ఒప్పందం చర్చల్లో ఇది ఒక అంశంగా చేరితే యాజమాన్యానికి పైసా ఖర్చు లేదు. అయినా ఎక్కువ మొండికేసేది ఈ అంశం మీదేనని నా అనుమానం.